పజుండౌంగ్ గొడౌన్‌లో చెమ్మ గోడ

2019 ఫిబ్రవరి నెల. యాంగోన్‌లో పజుండౌంగ్ వాగు పక్కన ఉన్న ఒక పాత గొడౌన్‌ని ఇళ్లుగా మార్చే పనిలో ఉన్నాను అప్పుడు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. కట్టడం ఎంత బరువు మోయగలదో, ఎక్కడ బలహీనపడిందో చూసి చెప్పడం నా పని. కొత్త టవర్లకి లెక్కలు వేసేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. పాతవాటిని పడగొట్టకుండా వాడుకలోకి తెచ్చే పని మాత్రం తక్కువమంది ఒప్పుకుంటారు. ఎందుకంటే అందులో లెక్కల కన్నా అనుమానాలు ఎక్కువ. నాకు ఆ అనుమానాలే ఇష్టం.

అది పొడవాటి ఇటుక కట్టడం. రెండడుగుల మందం గోడలు, పైన టేకు దూలాలు, వాటి మీద రేకులు. పైకప్పు చాలా ఎత్తు. అంత ఎత్తు ఉంది కాబట్టే లోఫ్ట్ ఇళ్ల ఆలోచన వచ్చింది. లోఫ్ట్ అంటే చిన్న చిన్న గదులుగా కోసిన ఇల్లు కాదు. ఎత్తైన ఒకే హాలు, అందులో సగం మేర మధ్యలో ఇంకో అంతస్తు, దాని పైకి మెట్లు. పడక పైన, మిగతా సంసారమంతా కింద. పాత ఇటుకా, పాత దూలాలూ కనబడేలా వదిలేస్తారు. అలాంటి ఇళ్లంటే అప్పుడే యాంగోన్‌లో మోజు మొదలైంది. నేను పుట్టింది ఆ గొడౌన్‌కి నాలుగు వీధుల అవతల, తాతల కాలంలో రేవు పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇంట్లో. నా చిన్నప్పుడు పంక్చర్లు వేసిన షెడ్డు అప్పటికి కాఫీ హోటల్ అయిపోయింది.

గొడౌన్ కొన్నాయన పేరు కో జా మిన్. 'కో' అంటే మనం పేరు చివర 'గారు' అన్నట్టే, కాస్త చనువుగా. ఆడవాళ్లకి 'మా', పెద్దావిడ అయితే 'డా'. మా ఇంట్లో నా పేరు సత్యవతి, సైట్‌లో అందరికీ మా సాండా. కో జా మిన్ ఉత్సాహవంతుడు. మొదటి రోజే గుమ్మం మీద పెట్టబోయే బోర్డు చూపించాడు. "ఇది పాత బియ్యం గొడౌన్. అందుకే ఇళ్లకి కూడా బియ్యం పేరే పెడుతున్నాను," అన్నాడు. మా సంభాషణ అంతా బర్మీస్‌లోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొత్తం ఎనిమిది ఇళ్లు. మూల ఇంటిని మా తీరి అనే పియానో టీచర్ తీసుకుంది. ఆమె అద్దెకున్న గదిని వానాకాలం లోపు ఖాళీ చెయ్యమన్నారు. పాఠాలు చెప్పుకోవడానికి ఎత్తైన హాలు కావాలని వెతికి వెతికి ఇక్కడికి వచ్చింది. లోపలికి రాగానే వెనక గోడ దగ్గరికి వెళ్లి చప్పట్లు కొట్టి విన్నది.

"పియానో ఇక్కడే. ఈ గోడకే," అంది.

ఆ గోడే మమ్మల్ని మూడు నెలలు ఏడిపించింది.

ఇటుక అరిగిపోయిందని ఆ ఒక్క గోడకి ప్లాస్టర్ చేసి రంగు వేసిన కొద్ది రోజులకే రంగు బుడగలు బుడగలుగా లేచింది. బుడగ గీకితే కింద తెల్లటి పొడి. దాన్ని ఎఫ్లోరెసెన్స్ అంటారు. తడి లోపల్నుంచి పైకొచ్చి ఆరిపోయేటప్పుడు వదిలేసే పొడి. ఏ పాత గోడకైనా కొద్దో గొప్పో ఉంటుంది కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. మేస్త్రీలు గీకేసి, ఈసారి సిమెంటు పాలు పెంచి గట్టిగా ప్లాస్టర్ చేశారు. మళ్లీ అదే కథ. పొద్దున్నే వెళ్తే గోడ మీద చెయ్యి పెట్టగానే తడి తగిలేది. మధ్యాహ్నానికి ఆరిపోయేది. మర్నాడు మళ్లీ తడి.

గోడకి అవతలి వైపు ఏముందో చూస్తే జవాబు దొరికిపోయినట్టే అనిపించింది. అక్కడ గోడకి ఆనించి ఒక వసారా ఉంది. అందులో డా మ్యా అనే పెద్దావిడ దోసె పిండి రుబ్బి అమ్ముతుంది. యాంగోన్‌లో దోసెని తోషే అంటారు. బర్మావాళ్లకీ అది ఇష్టమైన తిండే. పొద్దున తోషే బళ్లవాళ్లు ఆవిడ గుమ్మం ముందు గిన్నెలతో నిలబడతారు. ఆవిడ మినప్పప్పూ బియ్యం కడిగే తొట్టి సరిగ్గా ఆ గోడకే కట్టి ఉంది. కడిగేది కూడా తెల్లవారగానే.

"పొద్దున ఆవిడ కడుగుతుంది. పొద్దునే గోడ తడుస్తుంది. ఇంకేం కావాలి?" అన్నాడు కో జా మిన్.

అతను చెడ్డవాడు కాడు. గొడౌన్‌తో పాటు ఆ వసారా కూడా అతనికే వచ్చింది. ఖాళీ చేయించమని భాగస్వాములు చెప్పినా, ఏళ్ల తరబడి ఉన్న మనిషని ఆవిడని ఉండనిచ్చాడు. ఇప్పుడు మాత్రం అతని ముఖంలో ఆ మెత్తదనం కనబడలేదు.

"మీరు రిపోర్టు రాసివ్వండి. దాన్ని బట్టి వసారా తీయించేస్తాను. ఇంజనీర్ చెప్పిందంటే నా మనసుకి కూడా నెమ్మది."

నా దగ్గర మాయిశ్చర్ మీటర్ ఉంది. రెండు సూదులున్న చిన్న పెట్టె. గోడలో గుచ్చితే లోపల ఎంత తడి ఉందో అంకె చూపిస్తుంది. గుచ్చిన చోటల్లా అంకె పైకి పోయింది. ఆ మీటర్ కూడా డా మ్యా మీదే సాక్ష్యం చెప్పింది.

రాసే ముందు ఆవిడతో మాట్లాడాలనిపించి వెనక్కి వెళ్లాను. గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను బర్మీస్‌లో మొదలుపెట్టాను. ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసి తెలుగులోకి దిగింది.

"నువ్వు కలాసీ నూకరాజు మనవరాలివి కాదేటి?"

"అవునత్తా."

"ముకం సూత్తేనే తెలిసిపోనాది. నా పేరు అప్పలనర్సమ్మ. డా మ్యా అన్నది బయటోల్లకి." స్టూలు నా వైపు జరిపింది. "మరి నువ్వూ అంటన్నావా, నా నీల్లు ఆ గోడలోకి ఎల్తన్నాయని?"

"ఇంకా ఏమీ అనట్లేదు. చూడ్డానికి వచ్చాను."

"మావోల్ల పిల్లవి. కాదని ఒక్క మాట రాసీనేవేటి?"

"తెలీకుండా కాదనీ రాయను, అవుననీ రాయను అత్తా. తెలుసుకుని రాస్తాను."

ఆ మాట ఆవిడకి నచ్చలేదు. స్టూలు లాగేసుకోలేదు గానీ టీ కూడా అడగలేదు.

మొదట తొట్టిలోనూ తూములోనూ రంగు కలిపిన నీళ్లు పోయించాను. నీళ్లు గోడలోకి దిగుతుంటే రంగు ఇవతలికి రావాలి. రోజులు గడిచినా గోడ మీద రంగు చుక్క కనబడలేదు. సంతోషంగా చెప్తే కో జా మిన్ కొట్టిపారేశాడు. "రెండడుగుల ఇటుక. రంగుని వడగట్టేసి నీళ్లు మాత్రం వదులుతుందేమో?" అన్నాడు. అలా జరగదని గట్టిగా చెప్పలేకపోయాను.

రెండోది పాత పద్ధతి. ఒక ప్లాస్టిక్ షీట్ ముక్కని గోడకి అతికించి అంచులన్నీ టేపుతో మూసేశాను. తడి గోడలోంచి వస్తుంటే షీటుకీ గోడకీ మధ్య నీటి చుక్కలు పడతాయి. మర్నాడు పొద్దున చూస్తే షీటు వెనక పొడిగా ఉంది. చుట్టూ ఉన్న గోడ మాత్రం తడిగా ఉంది. ఇది నాకు అర్థం కాలేదు. టేపు సరిగా అంటలేదేమోనని మళ్లీ అతికించాను. మళ్లీ అంతే.

అప్పుడు కో జా మిన్ సూటి మార్గం చెప్పాడు. "ఆవిడ వారం రోజులు కడగడం ఆపితే తేలిపోతుంది కదా."

ఆవిడని అడగడం నా వంతయింది.

"వారం మూసీత్తే బల్లోల్లు ఇంకోసోటికి అలవాటు పడిపోతారమ్మీ," అంది. కాసేపు వాగు వైపు చూసింది. "సర్లే. నా తప్పు నేదని తేలిపోద్ది గదా. ఇన్సేన్‌లో మా అమ్మాయి రమ్మంటానే ఉంది. ఎల్లొత్తాను."

తొట్టి ఖాళీ చేసి, తలుపుకి తాళం వేసి, ఊరికి ఉత్తరం చివరనున్న ఇన్సేన్ వెళ్లే రైలెక్కింది.

రెండు రోజులు తిరక్కుండానే గోడ ఆరిపోయింది. పొద్దున వెళ్లినా పొడిగానే ఉంది. వారమంతా పొడి. కో జా మిన్ అరచేత్తో గోడ మీద తడుతూ నవ్వాడు. మా తీరి వచ్చి చూసి, పియానో మోసే మనుషులతో మాట్లాడుకుంటానని వెళ్లింది. నేను ఆఫీసులో కూర్చుని రిపోర్టు మొదలుపెట్టాను. మొదటి పేరా నిమిషాల్లో అయిపోయింది. ప్లాస్టిక్ షీట్ గురించి రాయాల్సిన చోట కలం ఆగిపోయింది. అవతలి నీళ్లే కారణమైతే షీటు వెనక తడి ఉండి తీరాలి. లేదు. ఆ ఒక్క ముక్క వదిలేసి రాస్తే రిపోర్టు చక్కగా అతికిపోతుంది. వదలకుండా రాస్తే ఎటూ తేలదు.

ఇంకొన్నాళ్లు గడువు కావాలని కో జా మిన్‌ని అడిగాను.

"మా సాండా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆవిడ మీ వాళ్లావిడ కాకపోతే ఈపాటికి సంతకం పెట్టేవారు కాదా?"

కోపం రాలేదు. భయం వేసింది, ఎందుకంటే ఆ అనుమానం నాకూ ఉంది. ఇంటికొచ్చి దాని గురించే ఆలోచించాను. ఆ వసారాలో ఒక చైనావాళ్ల ముసలాయనో, కరెన్ తెగ పెద్దావిడో ఉన్నట్టు ఊహించుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. షీటు వెనక అప్పుడూ పొడిగానే ఉంది. మర్నాడు అతనితో అదే చెప్పాను. "ఆవిడ నీళ్లేనని తేలితే ఆ క్షణమే సంతకం పెడతాను. నీళ్ల పండగ దాకా ఆగండి." ఏప్రిల్ మధ్యలో వచ్చే తింజాన్ అది. సరేనన్నాడు, అయిష్టంగానే.

డా మ్యాని మాత్రం ఇంకొన్నాళ్లు మూసే ఉంచమనాలి. ఫోన్లో చెప్తే ఆవిడ ఇన్సేన్ నుంచి నేరుగా సైట్‌కే వచ్చేసింది. మేస్త్రీల ముందే నిలదీసింది.

"మూసీమంటే మూసీసినాను. ఎండిపోనాదంటన్నారు. మల్లీ మూసీమంటన్నావు. నన్నేటి సేద్దారని?"

"అత్తా, ఇప్పుడు రాయమంటే మీకు వ్యతిరేకంగానే రాయాలి. నాకు తెలిసింది అంతవరకే. కానీ ఒకటి అతకడం లేదు. అది తేలేదాకా ఆగమంటున్నాను."

"ఏటి అతకనేదు?"

షీటు చూపించి చెప్పాను. వేలితో టేపు ఎత్తి, వెనక తడిమి చూసింది. గోడని కూడా తడిమింది.

"నాకు నువ్వు సెప్పింది సగమే తెలిసినాది," అంది చివరికి. "కానీ అబద్దం ఆడతన్నట్టు నేవు. ఉంటాను, ఇంకొన్నాల్లు."

తింజాన్ దగ్గరపడుతుండగా ఒక రోజు మధ్యాహ్నం గాలి మారింది. అప్పటిదాకా ఉత్తరం నుంచి పొడి గాలి. ఆ రోజు దక్షిణం నుంచి, సముద్రం వైపు నుంచి మబ్బులొచ్చాయి. చిన్న జల్లు పడి ఆగిపోయింది. ఊరంతా ఉక్క. మర్నాడు పొద్దున గొడౌన్ తలుపు తీసి చూస్తే గోడ తడిసి ఉంది. తడవడం కాదు, చెమట పట్టినట్టు సన్నటి ధారలు కారుతున్నాయి.

వెనక్కి పరుగెత్తాను. డా మ్యా తలుపుకి తాళం అలాగే ఉంది. కిటికీలోంచి చూస్తే తొట్టి అడుగున దుమ్ము. కప్పు మీంచి వాన నీళ్లు దిగాయేమోనని నిచ్చెన ఎక్కాను. ఆ గోడ మీద వసారా కప్పు ఉంది కాబట్టి వాన అసలు తగలనేలేదు.

నీళ్లు ఆవిడవి కావు. వానవీ కావు. మరి ఎక్కడివి?

ఆ గోడ వాగు వైపు చివర వసారా దాటి కొంచెం బయటికి ఉంటుంది. అక్కడ ప్లాస్టర్ లేదు, ఉత్త ఇటుకలు. ఆ చుట్టుపక్కల గింజలేమీ లేవు, కానీ నాలుగైదు పావురాళ్లు గోడని పొడుస్తున్నాయి. ఇటుకల మధ్య సున్నాన్ని ముక్కుతో గీరి మింగుతున్నాయి. పావురాళ్లకి ఏం రుచి తగిలిందా అని నేనూ గోటితో కాస్త గీరి నాలుక మీద వేసుకున్నాను.

ఉప్పు. కూరలో పిడికెడు ఎక్కువ పడితే ఎలా ఉంటుందో అంత ఉప్పు.

ఇంట్లో వంట చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వానాకాలంలో జాడీలో రాళ్ల ఉప్పు నీరు కారిపోతుంది. ఎవరూ నీళ్లు పొయ్యరు. గాల్లో తేమని ఉప్పే లాక్కుంటుంది. ఆ గోడ ఒక పెద్ద ఉప్పు జాడీ. యాంగోన్‌లో పొద్దున గాల్లో తేమ ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. డా మ్యా పప్పు కడిగే వేళా, గోడ గాలిలోంచి నీళ్లు తాగే వేళా ఒకటే కావడం ఉత్త కాకతాళీయం. ఆవిడ తాళం వేసిన వారంలో పొడి గాలి వీచింది కాబట్టి గోడ ఆరింది. షీటు అతికించిన చోట గాలి తగల్లేదు కాబట్టి తడీ లేదు. చివరికి నా మీటర్ కూడా మోసపోయింది. అది కొలిచేది నీళ్లని కాదు, గోడలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదాన్ని. ఉప్పు ఉంటే ఏ కాస్త తడిలోనైనా కరెంటు బాగా పారుతుంది.

గోడకి వేర్వేరు లోతుల్లో రంధ్రాలు చేసి, ఆ పొడిని కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితురాలికి పంపాను. పొడి కలిపిన నీళ్లలో ఉప్పుని పట్టిచ్చే మందు ఒక చుక్క వెయ్యగానే అవి పాలలా మారాయని ఫోన్ చేసింది. పైపైన కాదు, చాలా లోతు దాకా ఉప్పే.

కో జా మిన్‌కి మాటల్లో చెప్పలేదు. ఆ గోడలోంచి తీసిన ఇటుకనీ, ఒక కొత్త ఇటుకనీ ఎండలో బాగా ఆరబెట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక గిన్నెడు నీళ్లు ఉంచి అతని బల్ల మీద పెట్టాను. "రేపటిదాకా మూత తియ్యకండి," అన్నాను. మర్నాడు నేను వెళ్లేసరికి అతను మూత తీసి కూర్చుని ఉన్నాడు. కొత్త ఇటుక పొడిగా ఉంది. పాత ఇటుక తడిసి నల్లబడింది. దాన్ని వేలితో రాసి నాలుకకి అద్దుకున్నాడు. ముఖం చిట్లించాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

"బియ్యం గొడౌన్ అని బోర్డు రాయించానే!"

నవ్వు ఆగాక, "ఆవిడ దగ్గరికి నేనూ వస్తాను," అన్నాడు.

డా మ్యా అప్పటికే ఇన్సేన్ నుంచి వచ్చి తొట్టి కడుక్కుంటోంది. కో జా మిన్ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. పెద్దవాళ్ల ముందు కూర్చున్నట్టే కింద కూర్చున్నాడు. తప్పు తనదని, వసారా ఎవరూ ముట్టుకోరని చెప్పాడు. ఆవిడ తల ఊపింది, అంతే. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"మరి ఏటమ్మీ ఆ గోడలో ఉన్నాది?"

"ఉప్పు అత్తా. ఒకప్పుడు ఇది ఉప్పు గొడౌన్ అయ్యుంటుంది. బస్తాలు గోడకి ఆనించి పేర్చి పేర్చి, ఉప్పంతా ఇటుకలోకి దిగిపోయింది."

ఆవిడ చేతిలో చీపురు ఆగిపోయింది.

"నన్ను కట్టుకున్న మావకి ఈ బుజం మీద పుండుండీది," అంది మెల్లగా, తన కుడి భుజం చూపిస్తూ. "నాను కాపురానికొచ్చిన కాడి నుంచి సూసినాను. మానీది కాదు. ఏటి మావా అంటే, పడవల కాడి నుంచి ఉప్పు మోసినానే, తడి బస్తా కారి కారి లోపలికి ఎల్లిపోనాదే అనీవోడు. ఏ గొడౌనో నానెప్పుడూ అడగనేదు. ఆయన సెప్పనేదు. వానకాలం వొత్తే బుజం మండిపోతన్నాదని రాత్రులు లేచి కూకునీవోడు."

కో జా మిన్ ఏమైందని అడిగాడు. నేను బర్మీస్‌లో చెప్పాను. డా మ్యా లేచి గోడ దగ్గరికి వెళ్లి, మనిషి భుజాన్ని తడిమినట్టు దాన్ని తడిమింది. అప్పుడు నవ్వింది. కళ్ల నిండా నీళ్లతోనే నవ్వింది.

"ఐతే తప్పు మా ఇంటిదేనన్నమాట. నీల్లు కాదు, ఉప్పు తెచ్చి పోసినాం."

గోడ బాగు చెయ్యడానికి చాలాకాలం పట్టింది. గట్టి సిమెంటు ప్లాస్టర్ అంతా తీసేశాం. పౌల్టిస్ అని ఒక పద్ధతి ఉంది. బంకమట్టీ కాగితపు గుజ్జూ మంచినీళ్లతో కలిపి గోడకి పట్టీలా వేస్తారు. అది ఆరుతూ లోపలి ఉప్పుని బయటికి లాగుతుంది. ఆరిన పట్టీ తీసేసి మళ్లీ కొత్తది. అలా ఎన్నిసార్లు వేసినా ఉప్పు మొత్తం పోలేదు, పోదు కూడా. చివరికి ఊపిరి ఆడే సున్నపు ప్లాస్టర్ వేశాం. కొన్నేళ్లకోసారి అది రాలుతుంది, మళ్లీ వేసుకోవాలి. మా తీరికి ఈ సంగతంతా చెప్పి, పియానోని ఎదుటి గోడకి పెట్టుకోమన్నాను. ఆమె వానల ముందు రాలేకపోయింది. కొన్ని నెలలు స్నేహితుల ఇంట్లో పాఠాలు చెప్పుకుని, వానలు వెళ్లాక దిగింది. డా మ్యా దగ్గర్నుంచి పోయిన బళ్లవాళ్లు అందరూ తిరిగి రాలేదు. కొందరు వచ్చారు. ఆ బాకీ నేను తీర్చలేనిదని మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ గోడ నాకు ఉప్పు గురించి నేర్పింది తక్కువే. అది పుస్తకాల్లో ఉంది. కారణం వెతికేటప్పుడు పక్కన ఒక మనిషి కనబడితే వెతుకులాట అక్కడితో ఆగిపోతుందని నేర్పింది. ఉప్పుకి ముఖం లేదు, గాలికి పేరు లేదు. డా మ్యాకి రెండూ ఉన్నాయి. ఆవిడ మా మనిషి కావడం నన్ను ఎటు లాగిందో ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. అతకని ఒక్క ముక్కని రిపోర్టులోంచి తీసెయ్యకపోవడమే నేను చేసిన మంచి పని.

ఇప్పుడు ఏ పాత కట్టడానికి పిలిచినా మీటర్ సంచిలోనే ఉంచి ముందు చుట్టుపక్కల ఇళ్లకి వెళ్తాను. మొన్న నది దాటి దలాలో ఒక గొడౌన్ చూడమన్నారు. పగులు ఎక్కడుందో చూపించడానికి యజమాని తొందరపడుతున్నాడు. నేను పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన దగ్గరికి వెళ్లి అడిగాను: ఇందులో ఒకప్పుడు ఏం పెట్టేవారు, ఎవరు మోసేవారు అని. ఆయన పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.